పి.సి.ఓ.ఎస్. గల స్త్రీలలో థైరాయిడ్ స్వల్పమాంద్యము: కార్యకారణ విచారము

1935లో షికాగో నగరమందు స్టెయిన్, లెవెంతాల్ అను ఇరువురు వైద్యులు, ఋతుక్రమము తప్పిన ఏడుగురు స్త్రీలను పరీక్షించి, వారి అండాశయములు పెద్దవై చిన్న చిన్న నీటితిత్తులతో నిండియుండుటను వర్ణించిరి. ఆ స్థితియే నేడు పి.సి.ఓ.ఎస్. అను పేర ప్రతి ఇంట వినవచ్చుచున్నది. అండోత్సర్గము సక్రమముగా లేకుండుట, పురుష హార్మోనుల ఆధిక్యము, స్కానింగులో అండాశయము బహుకోశరూపమున కన్పట్టుట అను మూడింటిలో రెండున్న చాలునని 2003 నాటి రోటర్‌డామ్ సమావేశము నిర్ణయించినది. అయితే ఇట్టి లక్షణములనే పుట్టింపగల ఇతర వ్యాధులు లేవని తేల్చుకొనిన పిమ్మటనే ఆ పేరు పెట్టవలెననియు విధించినది. అట్లు ముందుగా తొలగించుకొనవలసిన వ్యాధులలో థైరాయిడ్ మాంద్యము ముఖ్యము. తీరా చూడగా, రోగనిర్ణయము ముగిసిన పిమ్మట సైతము ఆ మాంద్యమే స్వల్పరూపమున అనేక స్త్రీలలో తోడుగా నిలిచియుండుట విచారణీయాంశము.

స్వల్పమాంద్యమనగా రక్తమున థైరాక్సిన్ పరిమాణము సాధారణముగనే యుండి, పీయూష గ్రంథి స్రవించు టి.ఎస్.హెచ్. మాత్రము సుమారు 4 లేక 4.5 యూనిట్ల పరిమితిని దాటియుండుట. థైరాక్సిన్ రవంత తగ్గినను టి.ఎస్.హెచ్. అనేక రెట్లు పెరుగునంతటి సున్నితత్వము పీయూష గ్రంథికి గలదు; కనుకనే శరీరమున ఏ బాధయు తోపకమునుపే పరీక్షలో అంకె పెరుగును.

జర్మనీ దేశమున జాన్సెన్ ప్రభృతులు 2004లో ప్రకటించిన పరిశోధనలో, పి.సి.ఓ.ఎస్. గల 175 మందిలో నూటికి 26.9 మందికిని, అది లేని 168 మందిలో నూటికి 8.3 మందికిని థైరాయిడ్‌కు విరుద్ధమై దానిని మందగింపజేయగల ప్రతిరక్షకములు కన్పట్టెను. మన దేశమున హైదరాబాదుతో గూడ ఎనిమిది నగరములలో జరిగి 2013లో వెలువడిన సర్వేక్షణమున, సామాన్య వయోజనులలోనే నూటికి ఎనిమిదిమందికి ఈ స్వల్పమాంద్యమున్నట్లు తేలినది. ఇంత సామాన్యమైన రెండు స్థితులు ఒకే స్త్రీయందు కలియుట కొంతవరకు యాదృచ్ఛికమే కావచ్చును. కాని పై జర్మను అంకెలలోని అంతరము యాదృచ్ఛికత యొక్కటితోనే తీరునది కాదు.

థైరాయిడ్ మిక్కిలి మందగించినపుడు మెదడునుండి వెలువడు టి.ఆర్.హెచ్. ప్రొలాక్టిన్‌ను పెంచి అండోత్సర్గమును కుంటుపరచును. కాలేయమున లైంగిక హార్మోనులను బంధించు ప్రోటీను తగ్గి, రక్తమున స్వేచ్ఛగా తిరుగు టెస్టోస్టిరాన్ భాగము హెచ్చును. తీవ్రమాంద్యముగల బాలికలలో అండాశయములు తిత్తులతో ఉబ్బి, థైరాయిడ్ హార్మోను నిచ్చినంతనే తగ్గిపోవుటను వాన్ విక్, గ్రుంబాక్‌లు 1960లోనే చూపియుండిరి. అయినను ఆ తీవ్రస్థితికి చెల్లిన న్యాయమును టి.ఎస్.హెచ్. అయిదో ఆరో ఉన్న యువతికి అన్వయించుట సాహసమని నా యభిప్రాయము. ఏలన, కారణప్రవాహము ఎదురు దిశగను నడువవచ్చును: పి.సి.ఓ.ఎస్.లో తరచు కన్పట్టునట్లు శరీరమున కొవ్వు పెరిగినకొలది లెప్టిన్ అను హార్మోను పెరిగి, అది టి.ఆర్.హెచ్.ను ప్రేరేపించి టి.ఎస్.హెచ్.ను హెచ్చించును, బరువు తగ్గినచో ఆ అంకెయు తగ్గుచుండును. అట్టి స్త్రీయందు థైరాయిడ్ రోగగ్రస్తము కాదు. అంకె యొక్కటియే అయినను, ప్రతిరక్షకములుగల స్త్రీ స్థితి వేరు, అవి లేక బరువు మాత్రమే హెచ్చిన స్త్రీ స్థితి వేరు. ఈ విభేదమును పాటింపక, ఒక్క పరీక్షాపత్రమును చూచి ఇరువది యేండ్ల యువతికి యావజ్జీవము మాత్ర వ్రాయుట అన్యాయము. గర్భము కోరు స్త్రీయందు స్వల్పమాంద్యమును ఉపేక్షించుట అంతకంటె అన్యాయము.

కావున రెండు మూడు మాసముల పిమ్మట పరీక్షను మరల చేయించి, ప్రతిరక్షకములను చూచి, ఆమె సంతానేచ్ఛను విచారించి నిర్ణయింపవలెను. టి.ఎస్.హెచ్. పది దాటినచో చికిత్స విషయమున సందేహము లేదు. పి.సి.ఓ.ఎస్.కై మెట్ఫార్మిన్ వాడు మాంద్యరోగులలో థైరాక్సిన్ మారకయే టి.ఎస్.హెచ్. తగ్గుట కలదు గనుక, ఆ తగ్గుదలను థైరాయిడ్ స్వస్థతగా భ్రమింపరాదు. థైరాయిడ్ హార్మోను మాత్రయగు లెవోథైరాక్సిన్ నిచ్చినచో, దానిని పరగడుపున, కాఫీ టీలకు అరగంట ముందైనను మ్రింగవలెననియు, ఇనుము, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడముంచవలెననియు స్పష్టముగ చెప్పవలెను. గర్భము నిలిచినట్లు తెలిసిన వెంటనే మోతాదును సుమారు నాలుగవ వంతు పెంచి, ప్రథమార్ధమున నాలుగు వారములకొకమారు రక్తపరీక్ష చేయించుట అవసరము.