పెత్రమాస నుండి పెద్దపండుగ దాకా

ఉత్తరాంధ్రలో ‘పండుగ’ అని ఊరకే అంటే అది సంక్రాంతియే. ఉగాదికి, దసరాకు, దీపావళికి వాటి పేర్లు వాటికి ఉన్నాయి. సంక్రాంతికి మాత్రం పేరుతో పని లేదు. “పండక్కి వస్తారా?” అని ఎవరైనా అడిగితే “ఏ పండుగకు?” అని ఎదురు అడగటం ఇక్కడ వింతగా ఉంటుంది. 2001లో మేము పరవాడకు వచ్చిన కొత్తలో నేను అలా అడిగి నవ్వులపాలైన దానిని. భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ పొంది, పదునాలుగేళ్ళు పిల్లలకు తెలుగు చెప్పిన నాకు అంత చిన్న మాట తెలియలేదు.

మాది పాత కరీంనగర్ జిల్లా రామగుండం ప్రాంతం. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు అది పెద్దపల్లి జిల్లాలోకి వెళ్ళింది. మావారు అక్కడి ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రంలో ఉద్యోగి. పరవాడలో సింహాద్రి విద్యుత్కేంద్రం నిర్మాణం ముగింపునకు వస్తున్న రోజులలో ఆయనకు ఇక్కడికి బదిలీ అయింది. సింహాచల క్షేత్రం పేరిట వెలసిన ఆ కేంద్రంలో మొదటి యూనిట్ 2002 ఫిబ్రవరిలోను, రెండవది అదే సంవత్సరం ఆగస్టులోను నడక ప్రారంభించాయి. అటుపిమ్మట 2011, 2012 సంవత్సరాలలో మరి రెండు చేరి మొత్తం సామర్థ్యం 2000 మెగావాట్లయింది. ఒడిశాలోని తాల్చేరు బొగ్గు, పరవాడ పక్కనున్న సముద్రపు నీరు కలిసి విద్యుత్తు అవుతాయి. ఉద్యోగుల నివాసం దీపాంజలినగర్. రామగుండంలో మేమున్నది జ్యోతినగర్. జ్యోతి నుండి దీపాంజలికి వచ్చామని మావారు చమత్కరించేవారు గాని, క్వార్టరు దొరికేదాకా పరవాడ ఊరిలోనే ఒక పెంకుటింటిలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాము. మావారు, నేను, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు.

ఈ తీరానికి పొరుగువారు రావటం కొత్త కాదు. 1933 డిసెంబరులో విశాఖ రేవును లాంఛనంగా ప్రారంభించినప్పటి నుండి రేవుకు, రైలుకు, ఆ పైన నౌకానిర్మాణ కేంద్రానికి, చమురు శుద్ధి కర్మాగారానికి ఎక్కడెక్కడి వారో వచ్చారు. 1966 నాటి ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ ఉద్యమం తరువాత, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఉక్కు కర్మాగారం మరెందరినో రప్పించింది. బెంగాలీల దుర్గాపూజ, ఒడియావారి రథయాత్ర, మలయాళీల ఓణం ఈ నగరంలో ఇళ్ళు కట్టుకున్నాయి. ఈ తీరంవారు వలసపోవటమూ ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధం రాకముందు రంగూను ఓడలెక్కిన వేలాదిమంది ఈ జిల్లాలవారే.

బెంగాలీకి, మలయాళీకి తాను పరాయిచోట ఉన్నానని భాషే చెబుతుంది. తెలుగు దేశంలో ఒక మూల నుండి మరొక మూలకు వచ్చిన తెలుగువానికి ఆ ఎరుక ఉండదు. మాట ఒకటే కనుక అన్నీ ఒకటే అనుకుంటాడు. తేడా తెలిసేది పండుగనాడు.

మాకు తెలిసింది వచ్చిన మూడు నెలలకే, భాద్రపద అమావాస్యనాడు. గ్రంథాలలో అది మహాలయ అమావాస్య. పితృ అమావాస్య అనే మాట జనం నోట అరిగి తెలంగాణలో ‘పెత్రమాస’ అయింది. ఆనాడు గతించిన పెద్దల పేరిట బియ్యం, పప్పు, కూరగాయలు, దక్షిణ ఇస్తారు. దీనిని ‘బియ్యమిచ్చుట’ అంటారు. ఆ సాయంకాలమే ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. ఉదయం పెద్దలు, సాయంత్రం పూలు. పోయినవారిని తలచుకొన్న ఇల్లే పొద్దువాలేసరికి పాటలతో నిండుతుంది.

పరవాడలో ఆ ఉదయం ఊరంతా ఎప్పటివలెనే ఉంది. మా అత్తగారు తలారా స్నానం చేసి, చేటలో బియ్యం, గుమ్మడిముక్క, బీరకాయలు, చిక్కుడుకాయలు పెట్టుకొని అరుగుమీద కూర్చున్నారు. తీసుకునేవారు ఎవరూ రాలేదు. మా ఇంటి యజమానురాలు, అప్పటికే అరవై దాటిన మనిషి, చూసి ఆశ్చర్యపోయింది. “అమాసనాడు పెద్దలకేటమ్మా? మాకు పండగనాడే” అన్నది. మా అత్తగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “గీ ఊర్ల మన పెద్దలకు తొవ్వ ఎట్ల దొరుకుతది బిడ్డా?” అని నన్ను అడిగారు. సమాధానం నేను చెప్పలేకపోయాను. ఇంటావిడ చెప్పింది. “మా పెద్దలకు తోవ తెలుసు కదప్పా. ఆళ్ళెనకాల మీవోళ్ళూ వస్తారు” అన్నది.

నాలో పండితురాలు ఆ క్షణంలోనూ ఊరుకోలేదని చెప్పటానికి కొంచెం సిగ్గుగానే ఉంది. మా అత్తగారి ‘తొవ్వ’, ఆవిడ ‘తోవ’ రెండూ ‘త్రోవ’ నుండి వచ్చినవే కదా అనుకున్నాను. మూడువందల మైళ్ళకు పైగా దూరాన ఒకే మాట రెండు రూపాలు దాల్చి, ఆనాడు ఒకే అరుగుమీద కలుసుకున్నది.

ఆ చేటను చివరకు శివాలయం అర్చకులు స్వీకరించారు. వారిని నేను అడిగాను, ఈ తేడా ఏమిటని. వారు షణ్ణవతి శ్రాద్ధములను గుర్తు చేశారు. సంవత్సరంలో పితృదేవతలను తలచుకోవటానికి శాస్త్రం తొంబదియారు సందర్భాలు లెక్కించింది. వాటిలో పన్నెండు అమావాస్యలు ఉన్నాయి, పన్నెండు సంక్రమణాలు ఉన్నాయి, మహాలయ పక్షపు దినాలు వేరే ఉన్నాయి. తొంబదియారూ జరుపుకొనే ఓపిక గృహస్థుకు ఎక్కడిది? ఒక్కొక్క సీమ తనకు నచ్చిన దినాన్ని గట్టిగా పట్టుకున్నది. తెలంగాణం చంద్రుని లెక్కలో భాద్రపద అమావాస్యను పట్టుకుంటే, ఈ తీరం సూర్యుని లెక్కలో మకర సంక్రమణాన్ని పట్టుకున్నది. పంట ఇంటికి వచ్చిన వేళ, కొత్త బియ్యం వండిన వేళ, పెద్దలకు పెట్టుకోకుండా తినరాదన్న భావమూ దానితో కలిసింది. రెండింటిలో ఏదీ తప్పు కాదని తెలిసి నా మనసు కుదుటపడింది. మా అత్తగారి మనసు శాస్త్రంతో కుదుటపడలేదు. దానికి సంక్రాంతి దాకా ఆగవలసి వచ్చింది.

ఈలోగా బతుకమ్మ వచ్చింది. తంగేడు ఈ ప్రాంతపు మెట్టలలో దొరికింది. గునుగు కోసం రెండు రోజులు తిరిగి ఊరుకున్నాము. బంతి, చేమంతి, నందివర్ధనాలతో సరిపెట్టుకున్నాము. పళ్ళెంలో పూలు వరుసలుగా పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలిపేసరికి వీధిలోని ఆడవారు మూగారు. పూలను దేవునికి పెట్టటం తెలుసు గాని, పూలనే దేవతగా పేర్చటం వారు చూడలేదు. అయితే పైనున్న పసుపు ముద్దను చూడగానే ఇంటావిడ “గౌరమ్మే కదా! మాకూ ఉంది” అన్నది. నిజమే. అనకాపల్లి ప్రాంతంలో గౌరీపరమేశ్వరుల ఉత్సవాలు ఎంత ఘనంగా చేస్తారో ఆ ఏడే చూశాను. ఆ పరిచయం చాలింది. మేము ముగ్గురం తెలంగాణ స్త్రీలం పాట అందుకుంటే, పదిమంది పరవాడ స్త్రీలు చప్పట్లు కలిపారు. నిమజ్జనం ఊరి చెరువులో.

తరువాత సంక్రాంతి. మా అత్తగారు సకినాలు చేయబూనారు. పాతచీర పరచి, నానిన బియ్యపుపిండిలో నువ్వులు, వాము కలిపి, చేతితో చుట్లు తిప్పుతుంటే పిల్లలు “చేగోడీలా?” అని అడిగారు. ఆమెకు కోపం వచ్చింది. సకినాన్ని చేగోడీ అనటం నాకూ నచ్చలేదు గాని, వారి అరిసెలకు మా అరిసెలకు పాకంలో ఉన్న తేడా చెప్పమంటే నేనూ చెప్పలేను. బెల్లం మాత్రం అనకాపల్లిది. దాని ముందు ఏ బెల్లమైనా దిగదుడుపే, మా ఊరివారు ఏమనుకున్నా సరే.

పండుగనాడు ఇంటావిడ మమ్మల్ని లోపలికి పిలిచింది. గోడవార పీట మీద కొత్త పంచెలు, చీరలు, రవికెలగుడ్డలు పెట్టి, ముందర విస్తళ్ళలో కొత్త బియ్యపన్నం, పప్పు, గారెలు, బూరెలు, గుమ్మడికాయ కూర వడ్డించి ఉన్నాయి. ధూపం వేసి, గతించినవారి పేర్లు ఒక్కొక్కటే పిలిచింది. మామగారు, అత్తగారు, మరిది, చిన్నతనంలో పోయిన కూతురు. పేర్లన్నీ అయిన తరువాత ఒక్క క్షణం ఆగి “తాటిగరువు” అన్నది. ఇక్కడ మెట్ట భూమిని గరువు అంటారు. అది మనిషి పేరు కాదు, వారి పొలం పేరు. విద్యుత్కేంద్రానికి భూసేకరణ జరిగినప్పుడు పోయిన నేలలో వారి గరువు కూడా ఉన్నదట. పరిహారం పుచ్చుకున్నారు, పెంకులు మార్చారు, మాకు అద్దెకిచ్చిన రెండు గదులూ ఆ సొమ్ముతోనే వేశారు. పొలాన్ని మాత్రం పెద్దలలో చేర్చి పిలుస్తున్నది.

నేను మావారి ముఖం చూడలేకపోయాను. మమ్మల్ని ఈ ఊరికి రప్పించిన కేంద్రమే ఆ గరువు మీద నిలిచి ఉన్నది. ఆవిడ మాటలో నిష్ఠూరం లేదు. ఆ పక్కనే ఖాళీగా ఉన్న విస్తరి చూపించి, మా అత్తగారితో “మీవోళ్ళని పిలవప్పా” అన్నది. మా అత్తగారు మా మామగారి పేరు పిలిచారు. పెత్రమాసనాడు పొందని తృప్తి ఆమె ముఖంలో ఆనాడు చూశాను.

పండుగ మూడు రోజులతో ఇక్కడ సందడి ముగియదు. ఊరూరా ‘తీర్థాలు’ మొదలవుతాయి. నాకు తీర్థమంటే గుడిలో ఇచ్చే ఉదకం, లేదా కాశీ ప్రయాగల వంటి క్షేత్రం. దాటుట అనే అర్థం గల ‘తౄ’ ధాతువు నుండి పుట్టిన మాట. మొదట రేవు అని అర్థం. మేము జాతర అనేదాన్ని, గుంటూరువారు తిరునాళ్ళు అనేదాన్ని ఇక్కడ తీర్థమంటారు. కనుమనాడు అనకాపల్లి దగ్గర శంకరం గ్రామపు బొజ్జన్నకొండ వద్ద జరిగే తీర్థం పేరుపొందినది. శంకరమనే పేరు సంఘారామం నుండి వచ్చిందంటారు. అక్కడ రాతిలో తొలిచిన బౌద్ధ గుహలు, స్తూపాలు ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపాడు. ఆ కొండ మీది ఒక రూపాన్ని రాక్షసుడనుకొని కనుమనాడు రాళ్ళు రువ్వే ఆచారం చిరకాలం సాగింది. చరిత్రాభిమానులు నచ్చజెప్పగా, కాపలా పెట్టగా అది తగ్గింది. ఒకనాడు ఎక్కడి నుండో వచ్చి ఇక్కడ కుదురుకున్న ధర్మం అది. దాన్ని కొలిచినవారు పోయాక, ఎవరిదో తెలియక రాళ్ళు వేశారు. తీర్థానికి వెళ్ళిన మొదటి ఏడు ఆ కొండ మెట్ల మీద కూర్చొని నేను మా అత్తగారి చేటను తలచుకున్నాను.

2009లో మా అత్తగారు కాలం చేశారు. ఆ ఏటి చివరనే తెలంగాణ ఉద్యమం ఉద్ధృతమైంది. అంతవరకు లేని ప్రశ్న వీధిలో పుట్టింది: “మీరు ఎల్లిపోతారా?” కొందరు ప్రేమతో అడిగారు, కొందరు మరొకలా అడిగారు. 2014 జూన్ 2న రాష్ట్రాలు రెండయ్యాయి; అదే నెలలో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. మావారు 2016లో పదవీ విరమణ చేసినప్పుడు పిల్లలు తిరిగి పోదామన్నారు. అక్కడ మాకు ఇల్లూ ఉంది. మావారు రాత్రంతా ఏమీ అనక, తెల్లవారి “అమ్మను పండుగనాడు ఇక్కడ పిలుచుకుంటున్నాం గదా” అన్నారు. నేనూ ఉండిపోదామన్నాను. అప్పటి నుండి పెత్రమాసకు బియ్యమిస్తాము, సంక్రాంతికి బట్టలు పెడతాము. తొంబదియారింటిలో రెండు.

2022 ఏప్రిల్‌లో పరవాడ విశాఖ జిల్లా నుండి కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోకి మారింది. మేము కదలకుండానే ఈసారి జిల్లా మారింది.

మా ఇంటావిడ కరోనా కాలంలో పోయింది. మేము ఇప్పుడు ఉంటున్నది అదే వీధిలో, సొంత ఇంటిలో. మొన్న సంక్రాంతికి ఆవిడ కోడలు విస్తళ్ళు వేసి, ధూపం పట్టుకొని మా గుమ్మంలోకి వచ్చింది. “మేష్టారమ్మా, పేర్లన్నీ పిలిసేను. ఆఖర్న మా అత్త ఒక మాట అనీది, పొలం పేరు. అదేటో గేపకం రావట్లేదు” అన్నది. 2002 నాటి నా నోటుపుస్తకంలో రాసి ఉంది. కళ్ళద్దాలు వెదుక్కునే అవసరం లేకుండానే చెప్పాను. తాటిగరువు.