పిల్లల కోసం కాని పిల్లల కార్యక్రమాలు: తెలుగు టెలివిజన్ బాల్యం (1975–2020)

వ్యాససంగ్రహం: మాదాపూర్ ఐటీ ప్రాంతంలో నేడు పనిచేస్తున్న తరం తన బాల్యంలో ఇష్టపడిన టెలివిజన్ కార్యక్రమాలలో తెలుగులో ఉన్నవి పిల్లల కోసం తీసినవి కావు, పిల్లల కోసం తీసినవి తెలుగులో పుట్టినవి కావు. ఈ రెంటి మధ్య ఏర్పడిన ఖాళీ ఎట్లా వచ్చిందో, ఆ ఖాళీలోనే ఇష్టం ఎట్లా పెరిగిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: దూరదర్శన్, సైట్ ప్రయోగం, చిత్రలహరి, అమృతం, ఛోటా భీమ్, మాదాపూర్, శబ్దానువాదం.

ఉపోద్ఘాతం

1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. తరువాతి ఇరవై ఏళ్లలో ఆ పరిసరాల కార్యాలయాలలోకి ఉద్యోగులుగా వచ్చినవారిలో అధికులు ఆనాటికి జిల్లాల్లో బడికి వెళ్తున్న పిల్లలు. వారి ఊళ్లు వేరు, యాసలు వేరు. కొత్తగా పరిచయమైన ఇద్దరిని దగ్గర చేసే మాటలలో చిన్నప్పటి టీవీ ఒకటి. ఆ సంభాషణల్లో తరచు వినిపించే పేర్లు చిత్రలహరి, శనివారం సినిమా, జంగిల్ బుక్, శక్తిమాన్, ఋతురాగాలు, అమృతం. ఈ పేర్లను భాష, ఉద్దిష్ట ప్రేక్షకుడు అనే రెండు గీటురాళ్ల మీద పెట్టి చూస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. తెలుగులోనూ ఉండి, పిల్లలకోసమే తీసినదీ అయిన కార్యక్రమం ఒక్కటీ ఇందులో కనిపించదు.

బడిలోకి వచ్చిన పెట్టె

తెలుగు పల్లెకు టెలివిజన్ వినోదంగా రాలేదు, పాఠంగా వచ్చింది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు జరిగిన ఉపగ్రహ బోధనా ప్రయోగం (సైట్) ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలను ఎంచుకుంది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 పంపే సంకేతాన్ని ఇనుప వలతో చేసిన పెద్ద గొడుగు వంటి యాంటెన్నా అందుకునేది. ఉదయం గంటన్నర ప్రసారం బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. కార్యక్రమాల నిర్మాణానికి ఏర్పాటైన మూడు కేంద్రాలలో హైదరాబాదు ఒకటి. మిగిలినవి ఢిల్లీ, కటక్.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం గమనార్హం. ఆ వ్యవస్థలో ఒక దృశ్యానికి రెండు ధ్వనిమార్గాలు ఉండేవి. ఒకే బొమ్మ, రెండు భాషలు. ఖర్చు తగ్గించే ఉపాయంగా ఇది సమంజసమే. కానీ బొమ్మ ఒకచోట, మాట మరొకచోట పుట్టే పద్ధతి తెలుగు పిల్లవాడి టెలివిజన్‌కు మొదటినుంచీ అలవాటైందని ఇప్పుడు వెనుదిరిగి చూస్తే అనిపిస్తుంది.

అయినా సైట్ పాఠాలు ప్రయోగంతోనే ముగిశాయి. పిల్లల కోసం ప్రత్యేకంగా, తెలుగులో, క్రమం తప్పకుండా సాగిన ఉదయ ప్రసారం అంత విస్తృతంగా మళ్లీ నిలదొక్కుకోలేదు.

ఒకే చానలు, ఒకే గది

1977 అక్టోబరు 23న నాటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి హైదరాబాదు దూరదర్శన్ కేంద్రాన్ని ప్రారంభించారు. రామంతాపూర్‌లోని ఆ కేంద్రం మీద పడిన బాధ్యతలు అనేకం: వార్తలు, వ్యవసాయం, కుటుంబ సంక్షేమం, నాటకం, సంగీతం. 1982 తరువాత రాత్రివేళ జాతీయ కార్యక్రమం వచ్చి చేరింది. ప్రాంతీయ భాషకు మిగిలిన సాయంకాలంలో పిల్లలకు దక్కిన వాటా స్వల్పం.

రేడియోతో పోలిస్తే ఈ లోటు స్పష్టమవుతుంది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ఆకాశవాణిలో ‘రేడియో అన్నయ్య’, ‘రేడియో అక్కయ్య’లై బాలానందాన్ని ఒక ఉద్యమంగా నడిపారు. 1947లో మొదలైన చందమామ ఇంటింటా కథ చెప్పింది. అచ్చులోనూ, గాలిలోనూ తెలుగు బాలసాహిత్యానికి పెద్ద దిక్కులున్నాయి. టెలివిజన్‌కు అటువంటి అన్నయ్య, అక్కయ్య దొరకలేదు. దీనికి కారణం సమర్థుల కొరత కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. రేడియోలో పిల్లల గొంతుకు ఖర్చు లేదు. తెర మీద ప్రతి నిమిషానికీ ఖర్చుంది, దానికితోడు వేళ కోసం పోటీ ఉంది.

కాబట్టి పిల్లలు పెద్దల కార్యక్రమాలనే తమవి చేసుకున్నారు. శుక్రవారం చిత్రలహరి సినిమా పాటల మాలిక. దాన్ని పిల్లల కార్యక్రమం అని ఎవరూ తలచలేదు. కానీ వారమంతా ఎదురుచూసి, ఏ పాట వేస్తారో పందెం కాసి, మరునాడు బడిలో పాడుకున్నది పిల్లలే. శనివారం సినిమా కూడా అంతే. వీధికి ఒకటో రెండో పెట్టెలున్న రోజుల్లో టీవీ ఉన్న ఇల్లు చిన్నపాటి థియేటరు. చాప మీద ముందు వరుస పిల్లలది. మేడ మీద యాంటెన్నా తిప్పడానికి ఒకడు, ‘వచ్చింది, ఆపు’ అని కిందినుంచి కేకవేయడానికి మరొకడు. ఈ పనులు పిల్లలవే కావడం చేత చూడడంలో వారికి శ్రమభాగం కూడా ఉండేది. కరెంటు పోతే అందరూ ఒక్కసారే నిట్టూర్చేవారు.

హిందీ రాని ఇళ్లలో సైతం 1987 జనవరి 25న మొదలైన రామాయణం, 1988 అక్టోబరు 2న మొదలైన మహాభారతం ఆదివారం ఉదయాలను ఆక్రమించాయి. కథ ముందే తెలుసు; హరికథ, తోలుబొమ్మలాట, ఎన్టీ రామారావు పౌరాణికాలు ఆ పని చేసిపెట్టాయి. అవ్వ తెలుగులో కథ చెబుతుంటే తెర మీద హిందీ నడిచేది. సైట్ నాటి రెండో ధ్వనిమార్గం ఇప్పుడు ఇంట్లోనే కూర్చుంది అనవచ్చు. 1993లో వచ్చిన జంగిల్ బుక్ జపాను బొమ్మ, హిందీ మాట, గుల్జార్ పాట. 1997లో వచ్చిన శక్తిమాన్‌దీ హిందీయే. పిల్లలకోసం తీసినవి ఇవే. వీటి పాటలను అర్థం తెలియకుండానే కంఠస్థం చేసిన తెలుగు పిల్లలకు అది లోటుగా తోచలేదు. లోటు తెలియకపోవడమే ఇక్కడ చరిత్రకారుడు పట్టించుకోవలసిన అంశం.

అమృత విలాస్ ఆకర్షణ

1995లో జెమినీ, ఈటీవీ రాకతో తెలుగు వినోదానికి గంటల కొద్దీ చోటు దొరికింది. ఆ చోటును ప్రధానంగా సినిమా, ధారావాహికలు నింపాయి. ఈ నేపథ్యంలో గుణ్ణం గంగరాజు రూపకల్పనలో 2001 నవంబరు నుండి 2007 నవంబరు వరకు జెమినీలో ఆదివారం రాత్రులు ప్రసారమైన ‘అమృతం’ విశేషమైనది. మూడువందలకు పైగా భాగాలు వచ్చిన ఈ హాస్య ధారావాహికలో అమృతరావు, ఆంజనేయులు ఇరుగుపొరుగు మిత్రులు. ‘అమృత విలాస్’ అనే హోటల్ నడుపుతారు. ఇంటి యజమాని అప్పాజీకి భయపడతారు. కష్టపడకుండా ధనవంతులు కావాలని వేసిన ప్రతి ఎత్తూ బెడిసికొడుతుంది.

అమృతరావు పాత్రను వేర్వేరు దశలలో శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ పోషించారు. నాయకుడు మారినా ప్రేక్షకుడు మారకపోవడం అరుదు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు, అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి నిలకడగా ఉండడం ఒక కారణం. అంతకంటె ముఖ్యమైనది, పిల్లల దృష్టిలో అమృతం, ఆంజనేయులు పెద్దవాళ్లు కాకపోవడం. వారు భార్యలకు అబద్ధం చెప్పి దొరికిపోతారు, అప్పాజీ గద్దిస్తే తలవంచుతారు, వారం తిరిగేసరికి మళ్లీ అదే పని చేస్తారు. హోంవర్కు దాచిన పిల్లవాడి నీతి, ఆ ఇద్దరి నీతి ఒక్కటే. అత్తాకోడళ్ల ధారావాహికల కాలంలో విషం పెట్టని, ఏడిపించని అరగంట దొరకడం ఇంటిల్లిపాదికీ ఊరట. అది పిల్లల కార్యక్రమం కాదు, కానీ పిల్లలను లేచి పొమ్మనని పెద్దల కార్యక్రమం.

మాదాపూర్‌తో దీని బంధం కాలానికి సంబంధించింది. అమృతం నడిచిన ఆరేళ్లే హైటెక్ సిటీ విస్తరించిన తొలి సంవత్సరాలు. చదువు, ఉద్యోగం, నెల జీతం అనే దారి ప్రతి ఇంటా పిల్లల ముందు పరుస్తున్నప్పుడు, ఆ దారిలో నడవడం చేతకాని ఇద్దరు పాతకాలపు హోటలువాళ్లను చూసి ఆ పిల్లలే నవ్వారు. వారే ఉద్యోగులై అయ్యప్ప సొసైటీ హాస్టళ్లలో యూట్యూబ్‌లో పాత భాగాలు చూసుకోవడంలో, వదిలివచ్చిన ఇంటి ఆదివారం రాత్రిని వెతుక్కోవడం ఉంది.

ఢోలక్‌పూర్ భాష

ఈ చరిత్రలో అతిపెద్ద విపర్యయం హైదరాబాదుదే. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ చదివి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, అది వదిలి యానిమేషన్ నేర్చుకున్న రాజీవ్ చిలక 2001లో హైదరాబాదులో గ్రీన్ గోల్డ్ యానిమేషన్ స్థాపించారు. అదే సంస్థ సృష్టించిన ‘ఛోటా భీమ్’ 2008 ఏప్రిల్ నుండి పోగో చానలులో ప్రసారమై దేశమంతటి పిల్లలను గెలిచింది. రాజు, మంత్రాంగం, లడ్డూలు, అడవి, పొరుగూరి పందెం అన్నీ ఉన్న ఢోలక్‌పూర్‌కు చందమామ రాజ్యాలతో దగ్గరి పోలిక కనబడుతుంది. అయితే తెలుగు పిల్లలకు అది చేరింది శబ్దానువాదంగా. తమ నగరంలో గీసిన బొమ్మ తమ భాషలోకి అనువాదమై రావడం, అప్పటికి చానళ్లు లేక కాదు. వ్యాపారం అఖిల భారత విపణిని చూసింది, అక్కడ తెలుగు ఒక శాఖ మాత్రమే. 2019లో నెట్‌ఫ్లిక్స్‌కు వెళ్లిన ‘మైటీ లిటిల్ భీమ్’లో ఆ శాఖ కూడా అవసరం లేకపోయింది, పసివాడైన భీముడికి సంభాషణలే లేవు.

మాదాపూర్ అపార్టుమెంట్లలో తల్లిదండ్రులు ఫోనులో పిల్లలకు పెట్టే ‘చిట్టి చిలకమ్మ’ వంటి తెలుగు గేయాల బొమ్మలలో బాగా పేరొందినవి బెంగుళూరు సంస్థ ఇన్ఫోబెల్స్‌వి కావడం దీనికి ఎదురు ముఖం.

2020 మార్చి

2020 మార్చి 25 ఉగాది. దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైన ఆ రోజునే ‘అమృతం ద్వితీయం’ జీ5లో విడుదలైంది. మూడు రోజులకు, మార్చి 28న, దూరదర్శన్ రామాయణాన్ని తిరిగి ప్రసారం చేసింది. మాదాపూర్ కార్యాలయాలు ఖాళీ. ఒకప్పుడు చాప మీద కూర్చున్నవారు ఇప్పుడు తమ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఈసారి హిందీకి అర్థం అడిగిన పిల్లలు తక్కువ; అమృతం తెలుగుకు అర్థం అడిగినవారు మాత్రం ఉన్నారు.