మూడు రాళ్ళ పొయ్యి, గాడిపొయ్యి: పావగడ సీమలో బయలువంట చరిత్ర

తుమకూరు మండలమునకు ఈశాన్యమూలను పావగడ తాలూకా గలదు. పరిపాలనకు కర్ణాటక రాష్ట్రమునకు జేరినదే యైనను దీని హద్దులలో పెక్కుపాలు తెలుగునాటి హద్దులే. మడకశిర, పెనుకొండ, కల్యాణదుర్గము సీమలు దీనిని ఆవరించి యున్నవి. ఇవి చిరకాలము అనంతపుర మండలములోనివి. 2022లో మొదటి రెండును శ్రీ సత్యసాయి మండలమున గలిసినవి. ఇంట తెలుగును, బడిలోను కచేరిలోను కన్నడమును వాడు కుటుంబములు ఈ తాలూకాలో విస్తారము. రాయచెర్లు, క్యాతగానచెర్లు వంటి ఊళ్ళ పేళ్ళ చివర తెలుగు చెరువు నిలిచియే యున్నది. కరికాలచోళుని వంశమువారమని చెప్పుకొన్న నిడుగల్లు చోళులు తొలుత హేమావతిని, పిదప నిడుగల్లు కొండకోటను నెలవు చేసికొని పండ్రెండు, పదమూడు శతాబ్దులలో ఈ సీమ నేలిరి. ఆ కోటలను గూర్చియు శాసనములను గూర్చియు పండితులు వ్రాసిరి. కోట క్రింద విడిసిన మందికి బయట వంట యెట్లు సాగెనో, ఆ పొయ్యి యెట్టిదో విచారించినవారు అరుదు. పొయ్యికి శాసనము లేదు. బూడిద గాలికి బోవును. అయినను పొయ్యి కట్టు తీరు తరతరములుగ చేతినుండి చేతికి వచ్చినది గావున దానిని చూచి కొంత చరిత్రను గ్రహింపవచ్చును.

బయలువంటకు మొదటి సాధనము మూడు రాళ్ళు. పావగడ సీమ గుండ్ల కొండల సీమ; రాయి వెదుక బనిలేదు. గొఱ్ఱెల మందలతో మేతకై తిరుగు కాపరులు పొయ్యిని మోసికొని పోరు, కుండను మాత్రము మోసికొని పోదురు. ఎచ్చట దిగిన నచ్చట పొయ్యి సిద్ధము. నేటి విహారయాత్రికులు సంచిలో ఇముడు చిన్న స్టవ్వును గొప్ప సౌకర్యముగ నెంచుచున్నారు గాని, అంతకంటె తేలికైనది ఈ మూడు రాళ్ళ పొయ్యియే. నాలుగు కాళ్ళ పీట మిట్టపల్లముల నేలపై ఊగును. మూడు కాళ్ళది ఊగదు. ఆ సూత్రమే ఇందును గలదు. రెండు రాళ్ళ సందు గాలివచ్చు దిక్కునకు మలపి, మూడవ రాతిని వెనుక గాలికి అడ్డుగ నుంచుట వాడుక. వంటచెఱకు తుమ్మ, కానుగ, చింత, వేప. పొలము కోసిన దినములలో కందికట్టె, వేరుసెనగ పొట్టు. ఏదియు లేనప్పుడు పిడక. నలుగురైదుగురికి ఈ పొయ్యి చాలును.

చిక్కు వచ్చునది నలుగురు నలువదిమంది యైనప్పుడు. పొయ్యిని పెద్దది చేయుట యనగా రాళ్ళను దూరముగ జరుపుట యని తోచును. అది పొరపాటు. పాత్ర కొలతలన్నియు రెట్టింపైనచో అందు పట్టు పదార్థము ఎనిమిది రెట్లగును. మంట తగులు అడుగుభాగము నాలుగు రెట్లే యగును. అనగా ఒక్కొక్క శేరు పదార్థమునకు దక్కు మంట సగమునకు పడిపోవును. దానిని పూరించుటకు కట్టె లెక్కువ త్రోసినచో రాళ్ళ నడుమ గాలి చొఱక పొగయే మిగులును. మంట ప్రక్కలకు నాలుకలు చాచి గాలిపాలగును. అడుగున మాడి, పైన ఉడకని అన్నము ఇట్లు పుట్టినదే.

ఈ సీమ యాహారము మరియొక చిక్కును దెచ్చినది. వరియన్నమైనచో ఎసరు పోసి, మూత వేసి, మంట తగ్గించి కూర్చుండవచ్చును. ఇచ్చట ముఖ్యాహారము రాగిసంగటి. మరుగు నీటిలో పిండి పోసి, అది ఉడికిన పిదప తెడ్డుతో బలముకొలది గెలుకవలయును. లేనిచో ఉండలు గట్టును. ఇంటిలో చిన్న కుండనైనచో దింపి, కాళ్ళ నడుమ అదిమిపట్టియో, చీలిన కొయ్యతో బిగించియో గెలుకుదురు. నూరుమందికి వండు గుండిగను అట్లు దింప వీలులేదు. పొయ్యిమీదనే ఇద్దరు నిలువబడి గెలుకవలయును. ఆ త్రోపునకు కదలని పొయ్యి గావలయును. కావున ఈ సీమలో పెద్దపొయ్యికి మొదటి పరీక్ష వేడిమి గాదు, నిలుకడ. వరి తిను సీమలలో రూపొందిన పెక్కు పొయ్యిలు ఇచ్చట నచ్చకపోవుటకు ఇదియొక కారణమని చెప్పవచ్చును.

ఈ రెండు చిక్కులకును వాడుకలోనున్న యుపాయము గాడిపొయ్యి. నేలను గాలివాటున పొడుగుగ త్రవ్వి, ఆ గాడి అంచులపై వరుసగ పాత్రల నుంతురు. గాలి వచ్చు కొన తెఱచియుండును. కట్టె లచ్చటనుండియే త్రోయుదురు. మంట మొదటి పాత్ర అడుగును తాకి, అచ్చట ఆగక రెండవదాని క్రిందికి, మూడవదాని క్రిందికి సాగును. తుదికొనయందు పొగ వెడలుటకు సందు విడుతురు. మొదటి పాత్రయందు ఎసరు మరుగుచుండగా నడిమిదానియందు పప్పు ఉడుకును. కడపటిదానియందు చారో, కాగునీరో వెచ్చబడును. ఒక పాత్రను తప్పించుకొన్న వేడిమి తరువాతిదానికి దొరకును. పాత్ర బరువు రాళ్ళపై గాక నేలపైననే పడును గావున గెలుకువాని బలమునకు అది చలింపదు. గాడి గోడలు కాలిన కొలది వేడిమిని నిలుపుకొనును. రెండవ పూటకు కట్టె తక్కువ పట్టును. గాడి లోతు ఎక్కువైనచో మంట పాత్ర నందదు, తక్కువైనచో కట్టెకు గాలి యాడదు. అందుచే పెండ్లివంటలవారు మూరకోల లేకయే మోచేతితో కొలుచుకొందురు. ఇది యొక పెద్దపొయ్యి గాదు. అనేక చిన్న పొయ్యిలను ఒకే మంటకు గ్రుచ్చిన దండ.

తాలూకాలో ఉత్తరపినాకిని యొడ్డున నాగలమడక యను ఊరు గలదు. అచ్చటి సుబ్రహ్మణ్యస్వామి జాతరకు పశువుల సంతయు గూడును. ఎద్దులను దెచ్చిన రైతులు దినముల తరబడి బయలనే విడియుదురు. మూడు రాళ్ళ పొయ్యియు గాడిపొయ్యియు ప్రక్కప్రక్కన నిలుచునది ఇట్టి తావులలోనే. బండికొక చిన్న పొయ్యి, బంధువర్గము గలిసిన చోట గాడి.

పొగ సంగతి మన పూర్వులు గమనింపలేదనుట సరిగాదు. పదునారవ శతాబ్ది తొలిపాదమున రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదయందు విష్ణుచిత్తుని ఆతిథ్యమును వర్ణించుచు, ముసురుపట్టిన వానకాలమున భార్య కన్నులకు పొగ సోకకుండునట్లు కొబ్బరి పొరియలు వంటచెఱకుగ వాడిన ముచ్చటను చెప్పినాడు. వానకు తడిసిన కట్టె పొగయుననియు, కొబ్బరి పొరియ పొడిగ నుండి మండుననియు చక్రవర్తికి తెలియును. రాజాస్థానమున వెలసిన ప్రబంధమున ఇల్లాలి కన్నులలోని పొగకు చోటు దక్కుట గమనింపదగినది. కొబ్బరి దొరకని మెట్టసీమలో ఆ యుపాయము చెల్లదు. ఇచ్చటి స్త్రీలకు దక్కినది తుమ్మకంప పొగయే.

సైన్యములకు వండుటలో పాశ్చాత్యులు చాలకాలము వెనుకబడియే యుండిరి. క్రిమియా యుద్ధమున బ్రిటిషు సైనికులు చిన్న చిన్న జట్లుగ విడి పొయ్యిలు పెట్టుకొని కట్టెను దుబారా చేయుచుండిరి. 1855లో అలెక్సిస్ సోయర్ యను వంటవాడు అచ్చటికేగి, మంటను ఇనుపపీపాలో బంధించి దానిపై పెద్ద కాగు నిలిపిన పొయ్యిని వాడుకకు దెచ్చెను. ఒక్కదానిపై ఏబదిమందికి వండవచ్చును. వానయు గాలియు బాధింపవు. ఆ పొయ్యి ఇరువదవ శతాబ్ది చివరి భాగము వఱకును బ్రిటిషు సైన్యమున నిలిచినది.

సోయర్ పొయ్యి పుట్టిన ఇరువది యేండ్లకే మన సీమలో సామూహికవంట ప్రాణావసరమైనది. 1876 మొదలు 1878 వఱకు సాగిన క్షామమును తెలుగువారు ధాత కరువని తలచుకొందురు. 1871 లెక్కలలో 50 లక్షలు దాటిన మైసూరు రాజ్యపు జనసంఖ్య 1881 నాటికి 42 లక్షలకు లోబడినది. ప్రభుత్వము గంజి వంటశాలలు తెఱచినది. 1952లో రాయలసీమ కరువున మరల గంజికేంద్రములు వెలసినవి. అట్టి చోట సంగటి గాక గంజినే కాచుటకు ధాన్యపు పొదుపుతోపాటు పొయ్యియు కారణమే. గంజి పలుచన, గెలుకుట సులువు, నీటి చలనముచే వేడిమి తనంత తానే పైకి వ్యాపించును. పెద్దపాత్రకు తగిన వంటకమది. కాని కరువున ధాన్యముతోపాటు కట్టెయు కరవగునన్న మాటను చరిత్రకారులు తగినంత పట్టించుకొనలేదు.

పొయ్యిని శాస్త్రదృష్టితో దిద్దు ప్రయత్నములకు తెలుగుదేశమున ఘనమైన స్థానము గలదు. వార్ధాలోని మగన్‌వాడిలో మగన్ చూల్హా 1947లో రూపొందినది. తరువాత హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున ఎస్. పి. రాజుగారు పొగలేని పొయ్యిని నిర్మించి, 1953లో దానిని గూర్చి ఆంగ్లమున పుస్తకము ప్రకటించిరి. పొగ, మసి, ఉక్క, దుబారా, అగ్నిభయము అను ఐదింటినుండియు ఇల్లాలికి విముక్తి గలిగించుట ఆయన సంకల్పము. మట్టితో కట్టిన యా పొయ్యియందు ఒకే మంట వరుసగ పాత్రల క్రిందుగ సాగి గొట్టముద్వారా వెలికి పోవును. గాడిపొయ్యి నెఱిగినవారికి ఈ యమరిక క్రొత్తగాదు. రాజుగారు గాడిపొయ్యినుండియే దీనిని గ్రహించిరనుటకు ఆధారము లేదు. పోలిక మాత్రము స్పష్టము.

1974లో బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థయందు అమూల్యకుమార్ రెడ్డిగారి చొరవచే అస్త్ర యను గ్రామీణ శాస్త్రవిభాగ మేర్పడినది. వారి విస్తరణ కేంద్రము తుమకూరు మండలముననే, కుణిగల్ తాలూకా ఉంగ్ర గ్రామమున నెలకొన్నది. పల్లెలో ఖర్చగు ఇంధనమున అధికభాగము వంటకే పోవుచున్నదని అచ్చటి పరిశీలనలు తేల్చినవి. దాని ఫలితమే మూడు పాత్రల అస్త్ర ఒలె. 1983లో కేంద్రప్రభుత్వము మెఱుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమము నారంభించి 2002 వఱకు నడపి, దేశమున సుమారు మూడున్నర కోట్ల పొయ్యిలను పంచినది.

దీనివలని లాభము నొక చిన్న లెక్కతో చూడవచ్చును. 50 లీటర్ల నీటిని 25 డిగ్రీలనుండి మరుగు స్థితికి దెచ్చుటకు 3,750 కిలోకాలరీల వేడిమి గావలయును. ఒక కిలో ఎండుకట్టె సుమారు 4,000 ఇచ్చును. బయటి పొయ్యియందు అందు పదవ వంతు మాత్రమే పాత్రకు జేరినచో 9 కిలోలకు మించి కట్టె పట్టును. నూటికి ముప్పది పాళ్ళు చేరినచో సుమారు 3 కిలోలు చాలును. ఆరు కిలోల కట్టె యనగా తుమ్మచెట్లు పలుచనైన సీమలో ఒక ఆడుదాని పూట పని.

ఇంత కృషి జరిగినను ఒక లోపము మిగిలినది. ఈ పొయ్యిలలో పెక్కు ఇంటిలో నాటుకొనునవి; గొట్టము కప్పును చీల్చుకొని పోవలయును. జాతరలో, కళ్ళములో, మంద విడిసిన చోట నలువదిమందికి వండుటకు ఇట్టి పొయ్యి కుదురదు. బయట పొగ గాలికి పోవునుగదా యని ఉపేక్షించిరేమో. గాడిప్రక్కన మూడుగంటలు వంగి కట్టెలు త్రోసినవారి కన్నులు ఆ మాట నొప్పుకొనవు.

చిన్న స్టవ్వు కథ వేరు. 1892లో స్వీడనునందు లిండ్‌క్విస్ట్ యనునతడు గాలిపంపుతో నడచు కిరసనాయిలు స్టవ్వును నిర్మించెను. ప్రైమస్ పేరిట అది ధ్రువయాత్రికుల వెంటను, 1953లో ఎవరెస్టు నెక్కినవారి వెంటను పోయినది; మన ఇండ్లకును వచ్చినది. తరువాత గ్యాసు వచ్చినది. 2016లో ఉజ్జ్వల పథకము పల్లెలకు 14.2 కిలోల సిలిండరును జేర్చినది. ఐదు కిలోల సిలిండరు నెత్తిన బర్నరు బిగించిన చిన్న స్టవ్వు వనభోజనములకు వెంట దీసికొని పోదగినది. దీనిపై గుండిగ నిలుపబూనినప్పుడు పాతచిక్కులే క్రొత్తవేషమున వచ్చును. సన్నని ఆధారముపై ఎత్తుగ నిలిచిన బరువు తెడ్డు త్రోపునకు ఒరగును. గాలికి అడ్డుగ చుట్టును రాళ్ళు పేర్చినచో వేడిమి వెనుకకు మరలి క్రిందనున్న సిలిండరునే తాకును, అది ప్రాణాపాయము. గ్యాసు ఎక్కువగ లాగినకొలది ద్రవము ఆవిరియగుటకు సిలిండరు వేడిమినే పీల్చుకొనును; పైన మంచు పేరి, మంట సన్నగిల్లును. కావున సామూహికవంటకు బర్నరును సిలిండరునుండి వేఱుచేసి, గొట్టముతో దూరముగ నుంచుట తప్పదు. పాత్ర బరువును మూడు రాళ్ళు మోయవలయును. వాని నడుమ బర్నరు మంటను మాత్ర మీయవలయును. పెండ్లివంటలవారి ఇనుపచట్రపు గ్యాసు పొయ్యి ఈ న్యాయముననే కట్టబడినది. దాని కాళ్ళను లెక్కించినచో అవి తఱచు మూడే!

పావగడ తాలూకాకు ఇటీవల మరియొక మంట వచ్చినది. తిరుమణి, వల్లూరు, బళసముద్రము, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామములలో సుమారు 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము నెలకొన్నది. దాని ప్రారంభోత్సవము 2018లో జరిగినది. రైతులు భూమి నమ్మక, ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల చొప్పున కౌలుకిచ్చిరి. భూమిలేని కాపరికి ఆ కౌలు దక్కదు. ఆ బీళ్ళలో ఏరుకొనిన కంపయు, మంద మేపిన గడ్డియు కంచెలోపల చిక్కినవి.

సూర్యునితో వండుట అసాధ్యము గాదు. 2002లో తిరుమలయందు అద్దములతో ఆవిరి పుట్టించి వేలమంది యాత్రికులకు అన్నము వండు ఏర్పాటు జరిగినది. అది కదలని వంటశాల; వంటకము వరియన్నము. 1980 దశకమున ప్రభుత్వము ప్రోత్సహించిన పెట్టె యాకారపు సౌరకుక్కరు మోసికొని పోదగినదే గాని అందు గాజుమూతను తెఱచినచో పట్టియుంచిన వేడిమి పోవును. పావగడ కాపరి సంగటిని మూత తెఱవక గెలుకలేడు.