బిందె మీది పేరు

నాయనమ్మ పోయాక మా పెదనాన్న వంశవృక్షం రాయించారు. ఏడు తరాల మగవాళ్ల పేర్లున్న ఆ కాగితంలో ఆమె లేదు. భూమి కాగితాల్లో ఎటూ ఉండదు. ఓటరు జాబితాలో ఉన్నది అత్తింటివాళ్లు మార్చిన పేరు. పుట్టింటి పేరు ఒక్కచోటే దొరికింది: సారెతో వచ్చిన ఇత్తడి బిందె మెడ మీద. చదువురాని ఆమెకు మిగిలిన లిఖిత ఆధారం అదే. అలాంటి బిందెల్ని తూకానికి వేసి స్టీలు సామాను కొనుక్కుంటూ ఎన్ని పేర్లు కరిగించేశామో!

1946–51 తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను వాళ్ల మాటల్లోనే నమోదు చేసి, స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. పోరాడినవాళ్లే మరుగున పడితే, పొలానికీ పొయ్యికీ మధ్య బతుకు వెళ్లదీసినవాళ్ల మాటేమిటి?

ఆ పద్ధతిలోనే మేనత్తల్నీ, నాయనమ్మతో నాట్లేసిన ఆడవాళ్లనీ అడిగాను. ఎవరూ సంవత్సరాలు చెప్పలేదు. ఏ కాన్పు తర్వాత, ఏ కరువులో, ఏ నగ కుదువపెట్టినప్పుడు అని లెక్కగట్టారు. పురిట్లోనే పోయిన ఇద్దరు ఆడపిల్లల సంగతి అలా బయటపడింది. వంశవృక్షానికి వాళ్లూ అక్కర్లేదు.

ఆడవాళ్ల ఈ కాలగణన తెలియకుండా కుటుంబ చరిత్ర రాయలేం. బిందె తూకానికి వేసేముందు దాని మెడ మీద చూడండి. ఆ పేరెరిగిన ముసలమ్మలు ఉండగానే అడగండి.