భయం, నవ్వు, ఓటు: ‘రీఫర్ మ్యాడ్‌నెస్’ సినిమాపై ఒక పరిశీలన

అమెరికాలో గంజాయి చట్టబద్ధతకు దారి చదును చేసింది సినిమాలూ పాటలూ హాస్యమేనన్న వాదన ఉంది. వినడానికి బాగానే ఉంటుంది గాని, ఒక్క సినిమా చరిత్రను పట్టుకుని పరీక్షిస్తే ఆ వాదన సగమే నిలుస్తుంది.

1936లో లూయీ గాస్నియే దర్శకత్వంలో ‘టెల్ యువర్ చిల్డ్రన్’ పేరుతో తయారై, తర్వాత ‘రీఫర్ మ్యాడ్‌నెస్’గా స్థిరపడిన సినిమా అది. ఒక హైస్కూలు ప్రిన్సిపాల్ తల్లిదండ్రుల సభలో చేసే హెచ్చరికగా కథ నడుస్తుంది. గంజాయి సిగరెట్లు తాగిన కుర్రవాళ్లలో ఒకడు కారుతో మనిషిని గుద్దేస్తాడు. పెనుగులాటలో తుపాకీ పేలి ఒక అమ్మాయి చనిపోతుంది, మరొకామె కిటికీలోంచి దూకేస్తుంది, ఇంకొకడు పిచ్చాసుపత్రి పాలవుతాడు. మాదకద్రవ్యాల కథలను హాలీవుడ్ నిర్మాణ నియమావళి అడ్డుకున్న రోజులవి. అందువల్లనే డ్వేన్ ఎస్పర్ వంటి వ్యాపారులు ఇలాంటి చిత్రాలను పెద్ద స్టూడియోలతో నిమిత్తం లేకుండా ఊరూరా తిప్పి, నీతి ముసుగులో సంచలనం అమ్ముకున్నారు. మరుసటి ఏడే గంజాయి పన్ను చట్టం వచ్చింది. ఈ సినిమా వల్లే వచ్చిందనడం అతిశయోక్తి. రెండింటినీ పుట్టించింది ఒకే భయం. అయితే, మాదకద్రవ్యాల శాఖ అధిపతి హ్యారీ ఆన్‌స్లింగర్ ప్రచారం మెక్సికన్ల మీదికీ నల్లజాతివారి మీదికీ వేలు చూపగా, ఈ సినిమాలో ప్రధాన పాత్రలన్నీ తెల్లవారే.

1972లో కథ అడ్డం తిరిగింది. గంజాయి చట్టాల సంస్కరణ కోసం 1970లో ‘నార్మల్’ అనే సంస్థను స్థాపించిన కీత్ స్ట్రౌప్, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచి 297 డాలర్లకు ఈ సినిమా ప్రింటు కొన్నాడు. కాపీరైటు లేని సినిమా కాబట్టి అనుమతుల బెడద లేదు. కాలేజీల్లో వేసి, ఉద్యమానికి చందాలు పోగుచేశాడు. భయపెట్టడానికి తీసిన సన్నివేశాలకు విద్యార్థులు పడిపడి నవ్వారు.

ఆ నవ్వు ఓటుగా మారిందా? అదే ఏడాది కాలిఫోర్నియాలో, గంజాయి వాడకాన్ని నేరం కాకుండా చేయాలన్న 19వ ప్రతిపాదనను మూడింట రెండు వంతుల మంది ఓటర్లు తోసిపుచ్చారు. గాలప్ సర్వేల్లో చట్టబద్ధతకు మద్దతు 1969లో 12 శాతం, 1977లో 28 శాతం. 1978లో హాస్య జంట చీచ్, చాంగ్‌ల గంజాయి కామెడీ ‘అప్ ఇన్ స్మోక్’ విరగాడింది. అయినా 1985లో మద్దతు 23 శాతం, 1995లో 25. దాదాపు రెండు దశాబ్దాలు హాస్యం పండింది, అభిప్రాయం మాత్రం కదల్లేదు. పైగా ఆ నవ్వు అందరికీ ఒకే ధరకు దొరకలేదు. వాడకంలో పెద్ద తేడా లేకపోయినా, 2010లో గంజాయి కేసుల్లో నల్లజాతివారిని అరెస్టు చేసే అవకాశం తెల్లవారికంటే 3.73 రెట్లు ఎక్కువని పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ 2013లో లెక్క తేల్చింది. క్యాంపస్ ప్రదర్శనల గురించి ముచ్చటగా రాసేవారు ఈ సంగతిని దాటేస్తుంటారు.

మార్పు వేరే వైపు నుంచి వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిడ్స్ రోగులకు గంజాయి కలిపిన బ్రౌనీలు పంచి, డెబ్బయ్యో పడికి చేరువలో కూడా అరెస్టయిన మేరీ జేన్ రాత్‌బన్‌ను చూసి నవ్వడం ఎవరికీ సాధ్యం కాలేదు. రోగుల కోసం డెనిస్ పెరాన్ నడిపిన గంజాయి క్లబ్బుపై 1996లో రాష్ట్ర అటార్నీ జనరల్ డాన్ లంగ్రెన్ దాడి చేయించాడు. గ్యారీ ట్రూడో తన ‘డూన్స్‌బరీ’ కార్టూన్లలో ఆ దాడిని ఎగతాళి చేస్తే, వాటిని వేయవద్దని లంగ్రెన్ పత్రికలను కోరి మరింత ప్రచారం తెచ్చిపెట్టాడు. ఇక్కడా హాస్యమే ఉంది, కాని అది మత్తులో తూలే కుర్రాడి మీద కాదు, రోగికి మందు దొరకనివ్వని అధికారం మీద. ఆ నవంబరులో వైద్య గంజాయిని అనుమతించే 215వ ప్రతిపాదన సుమారు 56 శాతం ఓట్లతో నెగ్గింది.