బిళ్ళ ఒకటే, పేర్లే వేరు

సెలవు మీద ఇండియా వెళ్ళి కువైట్ తిరిగొచ్చే తెలుగువాడి సూట్‌కేసు చూశారా ఎప్పుడైనా? సగం ఆవకాయ, కందిపొడి. మిగతా సగం మందులు. షుగరు బిళ్ళలు, బీపీ బిళ్ళలు, పక్క రూమువాళ్ళు తెమ్మన్నవి, వాళ్ళ పక్క రూమువాళ్ళు తెమ్మన్నవి. నేనూ అంతే. డాక్టరు చీటీ మాత్రం మర్చిపోను. మన దగ్గర మామూలుగా రాసే ట్రమడాల్ లాంటి నొప్పి మందులు ఇక్కడ నియంత్రిత జాబితాలో ఉన్నాయి.

మా బిల్డింగులో రాజంపేట వైపు నుంచి వచ్చిన డ్రైవరొకాయన ఉన్నాడు. బీపీ మనిషి. ఆ మధ్య లిఫ్టు దగ్గర కలిసి, "అన్నా, ఇండియా బిళ్ళ పని చెయ్యదంట గదా? ఈడ దొరికే కంపెనీదే అసలుదంట" అన్నాడు. ఏం వేసుకుంటున్నావని అడిగితే ఇంకో సంగతి బయటపడింది. ఆ "అసలుది" రోజూ కొనలేక, రోజు విడిచి రోజు వేసుకుంటున్నాడట! నాకు గుండె గుభేలుమంది.

ఆయన వాడే మందు అమ్లోడిపిన్. మొదట ఫైజర్ తెచ్చిన నార్వాస్క్. ఇండియా నుంచి తెచ్చుకునేది డాక్టర్ రెడ్డీస్ వాళ్ళ స్టామ్లో. లోపలున్న మందు ఒకటే. మరి ధరలో అంత తేడా ఎందుకు? దానికి కాస్త వెనక్కి వెళ్ళాలి.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా మనకి బ్రిటిష్ వాళ్ళ 1911 నాటి పేటెంటు చట్టమే ఉండేది. మందు మీదే పేటెంటు కాబట్టి ఇంకొకరు దాన్ని ఏ పద్ధతిలోనూ చెయ్యకూడదు. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1970లో కొత్త చట్టం వచ్చి, 1972 ఏప్రిల్ 20 నుంచి అమలైంది. అప్పటి నుంచి 2005 దాకా మందుకి పేటెంటు లేదు, తయారీ పద్ధతికే ఉండేది. వేరే దారిలో అదే మందు చెయ్యగలిగితే చేసుకోనిచ్చేవారు.

ఆ వేరే దారులు వెతికేవాళ్ళు ఎక్కడున్నారు? చాలామంది మన బాలానగర్‌లోనే. సోవియట్ సాయంతో 1961లో పుట్టిన ఐడీపీఎల్ కంపెనీకి హైదరాబాదు ఫ్యాక్టరీ ఒక బడిలా పనిచేసింది. తాడేపల్లిలో పుట్టిన అంజిరెడ్డి గారు అక్కడ పనిచేసి బయటికొచ్చినవారే. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. అమెరికాలో పేటెంటు ఉండగానే మన ఊళ్ళలో అమ్లోడిపిన్ చవగ్గా దొరికిందంటే కారణం ఇదే.

తమాషా ఏమిటంటే ఈ బిళ్ళ కోసమే డాక్టర్ రెడ్డీస్ అమెరికా కోర్టులో ఫైజర్‌తో తలపడింది. ఫైజర్ వాడింది అమ్లోడిపిన్ బెసిలేట్ అనే లవణం. మనవాళ్ళు మేలియేట్ లవణంతో చేసి, 2003లో ఎఫ్‌డీఏ అనుమతి కూడా తెచ్చుకున్నారు. 2004 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు ఫైజర్ పక్షాన తీర్పిచ్చింది. లవణం మారినా మందు అదేనంది. మూడేళ్ళ తర్వాత, 2007లో, అపోటెక్స్ అనే కెనడా కంపెనీ మీద ఫైజర్ వేసిన కేసులో బెసిలేట్ పేటెంటే చెల్లదని తేలింది. అమెరికాలోనూ జెనరిక్‌లకి తలుపులు తెరుచుకున్నాయి.

సరే, పనితనం మాటేమిటి? జెనరిక్ కంపెనీ పెద్ద పెద్ద క్లినికల్ ట్రయల్స్ మళ్ళీ చెయ్యక్కర్లేదు. మందు రక్తంలోకి అంతే మోతాదులో, అంతే వేగంతో చేరుతోందని చూపిస్తే చాలు. 80 నుంచి 125 శాతం అనే హద్దు చూసి "ఇరవై శాతం తక్కువ మందు" అనుకుంటారు చాలామంది. అది లెక్కలోని అనిశ్చితికి పెట్టిన హద్దు. ఎఫ్‌డీఏ వాళ్ళు 2,000 పైచిలుకు పరీక్షలు తిరగేసి 2009లో ప్రచురించిన లెక్కలో, రక్తంలోకి చేరే మందులో సగటు తేడా 4 శాతం లోపే. గుండె, బీపీ మందుల మీద 2008లో జామా పత్రికలో వచ్చిన సమీక్ష కూడా బ్రాండు మందే మెరుగనడానికి ఆధారం లేదంది.

అలాగని అంతా వెన్నెలే అననులెండి. నాణ్యతా లోపాలు, తప్పుడు రికార్డుల కేసులో 2013లో రాన్‌బాక్సీ అమెరికాలో నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు కట్టింది. థైరాయిడ్, మూర్ఛ మందుల్లాంటివి డాక్టరుకి చెప్పకుండా కంపెనీ మార్చకూడదు. ఇక కువైట్ ఎండలో కారు డాష్‌బోర్డులో పెట్టిన బిళ్ళకి బ్రాండయినా ఒకటే, జెనరిక్ అయినా ఒకటే.

ఇదంతా మా డ్రైవరుకి టీ తాగుతూ చెప్పాను. కోర్టు కథ ఎంత ఎక్కిందో తెలీదు గానీ, "అయితే రెడ్డి గారి బిళ్ళ రోజూ ఏసుకోవచ్చంటావు" అన్నాడు. డాక్టర్ని అడిగే వేసుకో అన్నాను. అడిగాడు, సరేనన్నారట. రెండు నెలల తర్వాత బీపీ అదుపులోకి వచ్చిందని నవ్వుతూ చెప్పాడు.

ఇది జెనరిక్ గొప్పదని రుజువేం కాదు. రోజు విడిచి రోజు వేసుకునే ఖరీదైన బిళ్ళ కన్నా రోజూ వేసుకోగలిగే చవక బిళ్ళ మేలని మాత్రం నాకు అర్థమైంది. వచ్చే సెలవుకి ఆయన జాబితా కూడా నా సూట్‌కేసులోకే. ఆవకాయ ఒక సీసా తగ్గించుకుంటా.