ఎవరెస్టు గాలి – ఆకాశవాణి సూచన

ఎవరెస్టు నధిరోహించువారికి ప్రకృతి యొసగు గడువు స్వల్పము. మే నెలాఖరున పడమటి పెనుగాలి ఉత్తరమునకు తొలగును. కొలది దినములకే ఋతుపవనము విస్తారముగ మంచు కురిపించును. ఈ నడిమి విరామమును ముందుగా గుర్తించుట ఆరోహకులకు ప్రాణావసరము.

1953లో జాన్ హంట్ బృందమునకై భారత వాతావరణశాఖ ప్రత్యేక సూచనలు సిద్ధపరుపగా, ఆకాశవాణి, బి.బి.సి. వానిని ప్రసారము చేసినవి. అయినను అవి విశాల ప్రాంతమునకు చెందిన సూచనలు. సుమారు 7,900 మీటర్ల ఎత్తుననున్న దక్షిణపు కనుమలో ఏ గంటకు గాలి యెట్లు వీచునో అవి తెలుపజాలవు. మే 27న అచట గాలి ఉధృతముగ నుండుటచే టెన్సింగు, హిల్లరీలు డేరాలోనే ఆగిపోయిరి. 28న గాలి తగ్గినపిదప కదలి, 29న 8,848 మీటర్ల శిఖరమును చేరిరి. అనువైన దినములను రేడియో సూచింపగా, బయలుదేరు ఘడియను వారే నిర్ణయించుకొనిరి.